కోటల కింద కంకరదారి

రైన్ నది గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది పడవలో కూర్చుని రాశారేమో అనిపిస్తుంది నాకు. తలెత్తితే కోట, దించితే నీళ్ళు. మధ్యలో ఉన్న కొండవాలు వాళ్ళకి ఒట్టి ఆకుపచ్చ రంగు. ఆ వాలు మీదే, అడ్డంగా గీతలు గీసినట్టు, సన్నటి దారులున్నాయి. ద్రాక్షతోటల్లోకి ట్రాక్టర్లు పోవడానికి వేసిన దారులు. రెండేళ్ళుగా నా వీకెండ్లు చాలావరకు వాటి మీదే గడుస్తున్నాయి. అక్కణ్ణుంచి చూస్తే ఈ లోయ కథ ఇంకోలా ఉంటుంది.

నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో కోడ్ రాసి బతుకుతున్నాను. శనివారం పొద్దున్నే సైకిల్‌ని లోకల్ ట్రెయిన్ ఎక్కిస్తే గంట పైచిలుకులో రూడెస్‌హైమ్. నాది గ్రావెల్ బైక్. చూడ్డానికి రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిల్ ఉంటుంది గానీ టైర్లు లావు, గాలి తక్కువ. తారు అయిపోయి కంకర మొదలైన చోట రేసు సైకిల్ వాళ్ళు వెనక్కి తిరుగుతారు, మేం ముందుకి పోతాం. తేడా అంతే. కాకపోతే ఆ తేడా వల్ల ఊళ్ళ ముందు గుమ్మాల్లోంచి కాకుండా పెరటి దారిన వెళ్తాం. ఎక్కడైనా పెరటి వైపే కదా అసలు సంసారం తెలిసేది.

రూడెస్‌హైమ్, బింగెన్‌ల నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల ఇరుకు లోయ ఇది. 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కోటలు, శిథిలాలు కలిపి నలభై దాకా ఉంటాయి. రెండు ఒడ్ల మీదా రైలు పట్టాలు. గూడ్సు బండ్ల మోత రాత్రీ పగలూ ఆగదు. ఈ మధ్యలో నది మీద ఒక్క వంతెన కూడా లేదు, దాటాలంటే ఫెర్రీయే. సైకిల్‌ని బల్లకట్టు మీదికి నెట్టి, రైలింగుకి ఆనించి నిలబడ్డ ఆ కొద్ది నిమిషాలే రోజు మొత్తంలో నాకు నిజమైన విశ్రాంతి.

రూడెస్‌హైమ్ దాటి తోటల్లోకి ఎక్కగానే ఎదురయ్యేది ఎహ్రెన్‌ఫెల్స్ శిథిలం. దూరం నుంచి చూస్తే రాజకుమారి ఎవరో ఉండి ఉంటుందనిపిస్తుంది. నిజానికది టోల్‌గేటు. మైన్‌త్స్ ఆర్చిబిషప్పులు నది మీద పోయే పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి వాడుకున్నారు. కింద కౌబ్ దగ్గర నది నడిమధ్య రాతి దిబ్బ మీద, ఓడ ఆకారంలో కట్టిన ఫాల్త్స్‌గ్రాఫెన్‌స్టైన్‌దీ అదే పని. 1327లో మొదలుపెట్టారు దాన్ని. ఒక పీపా వైన్ కొండ దిగి సముద్రం చేరేలోపు ఎన్ని చోట్ల కప్పం కట్టాలో ఊహించుకుంటే, మా ఆఫీసులో ఒక చిన్న మార్పు ప్రొడక్షన్‌కి చేరడం చాలా సులువనిపిస్తుంది.

ఈ టోల్‌గేట్లు రొమాన్స్‌గా మారింది తర్వాతి సంగతి. 1689లో ఫ్రెంచి సైన్యాలు ఎహ్రెన్‌ఫెల్స్‌తో పాటు చాలా కోటల్ని కూల్చాయి. కొండమీది కోటల్లో ఎన్నడూ కూలకుండా మిగిలింది బ్రౌబాఖ్ మీది మార్క్స్‌బుర్గ్ ఒక్కటే అంటారు. మిగతావి శిథిలాలుగా ఉండగానే కవులొచ్చారు, చిత్రకారులొచ్చారు. టర్నర్ 1817లో వచ్చి బొమ్మలు గీసుకుపోయాడు. వాళ్ళ వెనకే డబ్బున్నవాళ్ళు వచ్చారు. ప్రష్యా రాజకుమారుడు ఒకడు 1820లలో రైన్‌స్టైన్ శిథిలాన్ని కొని, మధ్యయుగం ఎలా ఉండాలని తను అనుకున్నాడో అలా కట్టించుకున్నాడు. బాఖరాఖ్ మీది స్టాలెక్ కోటని ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి కట్టారు. ఇప్పుడది యూత్ హాస్టల్. రాతి మెట్లెక్కి వెళ్తే లోపల బంక్ బెడ్లు. లోరెలై కూడా అంతే. బండరాయి మీద కూర్చుని పాటతో పడవవాళ్ళని ముంచే ఆ అమ్మాయి అనాదిగా వస్తున్న జానపదం కాదు. ఆమె 1801లో బ్రెంటానో రాసిన బల్లాడ్‌లో పుట్టి, 1824లో హైన పద్యంతో లోకమంతా తిరిగింది.

పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసే అలవాటు వల్లనేమో, ఇదంతా నాకు ఒక పాఠం మీద ఇంకో పాఠం రాసినట్టు కనిపిస్తుంది. దాన్ని నేను తప్పు పట్టను. కల్పన లేకుండా ఏ ఊరూ లేదు. నా ఇబ్బంది ఒక్కటే. అందరూ ఆ పైపాఠమే చదువుతున్నారు. దానికింద ఇంకొకటుంది, అది రాళ్ళతో రాసింది.

దారి పక్కన సైకిల్ ఆపి గోడకి చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. పలకరాయిని పేర్చిన గోడలు. చాలావాటిలో సున్నం లేదు, మట్టి కూడా లేదు, రాయి మీద రాయి అంతే. మధ్యాహ్నం ఎండకి వేడెక్కి, పొద్దు వాలాక కూడా ఆ వెచ్చదనం పట్టుకునే ఉంటాయి. ఈ చల్లటి దేశంలో రీస్లింగ్ ద్రాక్ష పండటానికి ఆ వేడి చాలా అవసరం. నిలబడితేనే మడమ జారే వాలు మీద ఇలాంటి గోడలు కట్టి, అంగుళం అంగుళం మట్టి నిలబెట్టారు. తండ్రి ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచే ఆచారం ఇక్కడ. తరాలు గడిచేకొద్దీ చెక్కలు చీలి చీలి చాపంత అయ్యాయి. 1953లో పశ్చిమ జర్మనీ భూముల ఏకీకరణ చట్టం చేశాక చాలాచోట్ల చెక్కలన్నీ కలిపారు, పాత గోడలు కొన్ని బుల్డోజర్లతో తీసేశారు, ట్రాక్టర్లకి దారులు వేశారు. మేం వారాంతాల్లో ఫోటోలు తీసుకుంటూ తొక్కే దారుల్లో అవీ ఉన్నాయి. కోతల కాలంలో ట్రాక్టర్ ఎదురైతే దిగి పక్కకి నిలబడాలి. దారి వాళ్ళది.

ఒక శనివారం అక్కణ్ణుంచే నాయినకి వీడియో కాల్ చేశాను. మేడ్చల్ దగ్గర మాకు రెండెకరాల ద్రాక్షతోట ఉండేది. హైదరాబాదు పేరుతో ముడిపడిన అనాబ్-ఎ-షాహీ రకం. రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి, పందిరి కింద వంగి నడుస్తూ పెరిగాను నేను. కెమెరాని కోట వైపు తిప్పాను. ఆయన చూడలేదు.

“పందిరేదిరా?” అన్నాడు.

“పందిరుండదు నాయినా. వరసలుగా తీగెలు, గంతే.”

“నీళ్ళెట్ల ఎక్కిస్తరు అంత మీదికి?”

“వానే. బోర్లు లేవు.”

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కత్తిరింపుల గురించి అడిగాడు. చలికాలంలో ఒక్కసారే అన్నాను. మా దగ్గర ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకటి, వానలు వెళ్ళాక ఒకటి. “ఒక్కపారేనా! మంచోళ్ళు గాళ్ళు,” అని నవ్వాడు.

మా బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండాయి. ఔటర్ రింగ్ రోడ్డు మాట పుట్టగానే ఎకరం ధర మా నోట పలకడానికే భయమేసే అంకె అయింది. అమ్మేశాం. కడీలు విడిగా, లెక్కపెట్టి అమ్మాం. నా ఇంజనీరింగ్ ఫీజులో ఎన్ని కడీలున్నాయో నేనెప్పుడూ లెక్కెయ్యలేదు. ఇప్పుడక్కడ కాలనీ. హైదరాబాదు చుట్టూ అలా పోయిన తోటలు చాలా ఉన్నాయి. వాటిలో ఏదీ ఎవరి కవితలోనూ లేదు.

తోట మీద ఒక కోట ఉండుంటే మాదీ నిలిచేదా అని ఆ రోజు నాకు సందేహం వచ్చింది. కౌబ్ దాటి ముందుకి తొక్కితే జవాబు సగం దొరుకుతుంది. మిట్టెల్‌రైన్ ప్రాంతంలో ఇప్పుడు తోటలు సుమారు 450 హెక్టార్లు. వందేళ్ళ కింద ఇంతకి కొన్ని రెట్లుండేవి. వారసత్వ ముద్ర ఉంది, వాలు తోటలకి సబ్సిడీ ఉంది, కోటలు ఎలాగూ ఉన్నాయి. అయినా వాలు మీద పని చదునులో కంటే ఎన్నో రెట్లెక్కువ. నిటారు చెక్కల్లోకి పళ్ళచక్రం మీద పాకే బుల్లి మోనోరైలు వేసుకుంటారు. కొన్నిచోట్ల మందు హెలికాప్టర్‌తో కొడతారు. కోతకి తూర్పు యూరపు నుంచి కూలీలు వస్తారు. పిల్లలు నాలాగే లాప్‌టాప్ పట్టుకుని నగరాల్లో ఉన్నారు. తోట వదిలేసిన రెండు మూడేళ్ళకే బ్లాక్‌బెర్రీ ముళ్ళు వరసల్ని మింగేస్తాయి, తర్వాత గోడ కడుపు ఉబ్బి కూలుతుంది, చివరికి దారి. మ్యాప్ యాప్‌లో గీత ఉంటుంది, నేల మీద ఉండదు.

అందుకే ఈ దారుల్ని ఎవరైనా అడిగితే నేను రూట్ ఫైల్ పంపడంతో ఆగను. ఎక్కడ ట్రాక్టర్ చక్రాల జాడ తాజాగా ఉందో అక్కడ తొక్కమంటాను. కోటని చూడ్డానికి టికెట్ కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. దారి బతకడానికి మాత్రం దాని మీద పనికి వెళ్ళేవాడు కావాలి. దిగేటప్పుడు కింద ఊళ్ళో, పండించినవాళ్ళింట్లోనే ఒక సీసా కొనమంటాను. రెండు సీసాలు నా సైకిల్ బ్యాగులో పడతాయి, అంతకుమించి పట్టవు.

వచ్చే సెప్టెంబరులో నాయిన వస్తున్నాడు, వీసా వచ్చింది. స్టాలెక్ కోటలో రెండు రాత్రులు పడకలు బుక్ చేశానని చెప్పాను. కోటలో పడుకోవడం ఆయనకి పెద్ద విశేషంలా అనిపించలేదు.

“కోతలు గప్పుడేనా?” అని మాత్రం అడిగాడు.