పోతబొమ్మల పరీక్ష

కమలాపురం, జనవరి 11, ఆదివారం

పండక్కి ఇంగ్లండు నుంచి వచ్చిన మేనల్లుడు బొమ్మల పెట్టె తెచ్చినాడు. 1857 తిరుగుబాటు యుద్ధాలను బల్ల మీద ఆడేవాళ్ళకని పోసిన లోహపు బొమ్మలివి. నాకు కావాల్సింది అంతకు ముందరి పోరు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, గిద్దలూరు దగ్గర కుంఫిణీ సేనను ఎదుర్కొన్న పోరు. దానికోసమే పోసిన బొమ్మలు నాకెక్కడా దొరకలేదు. దగ్గరివాటిని ఏరుకోవాల.

అన్నిటి మీదా 28 మిల్లీమీటర్లని రాసుంది. కొందరు పాదం నుంచి కంటిదాకా కొలుస్తారు, కొందరు నెత్తిదాకా. రెండు కంపెనీలవి పక్కపక్కన నిలబెడితే తండ్రీకొడుకుల మాదిరి ఉంటాయి. కలపకూడదు.

జనవరి 13

పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కిటికీ దగ్గర ఒక్కొక్కటే తిప్పి చూసినా. రబ్బరు అచ్చు రెండు పలకలూ కలిసిన చోట గీత పడుతుంది. అది కాలి వెంబడి పోతే ఆకురాయితో పోతుంది. ముఖం మీదుగా పోతే మాత్రం దాన్ని తీయబోతే ముక్కూ మీసమూ కూడా పోతాయి. అచ్చు తిరిగేటప్పుడు గాలి బయటికి పోకపోతే లోహం కొసదాకా పారదు. ఈ పెట్టెలో బరిసెలు అందుకే మొండిగా ఉన్నాయి. వాటికి ఉక్కుతీగ పెడతా. చీలమండ సన్నగా ఉండి ఊగేవాటిని పక్కన పడేసినా. అది బాగుచేయలేని లోపం.

తగరం బాగా పారుతుంది, ఆంటిమొనీ గట్టిదనమిస్తుంది. సీసం ఎక్కువైతే బరిసె వేలితోనే వంగుతుంది. పాత సీసపు బొమ్మలను కొన్నిరకాల చెక్కపెట్టెల్లో మూసి పెడితే చెక్క వదిలే పులుపు ఆవిరికి తెల్లపొడి పట్టి లోపల్లోపలే తినేస్తుంది.

జనవరి 18, ఆదివారం

పోత విషయంలో ఎర్రకోటు సిపాయిలు భేష్. తిరుగుబాటుదార్ల దగ్గరే చిక్కు. ముఖాలు జీవకళతో ఉన్నాయి, వేళ్ళు లెక్కపెట్టొచ్చు. కానీ ఉత్తరాది పాగా, పైజామా! రెడ్డి వెంట నడిచింది ఇనాములు సర్కారు లాక్కుంటే రగిలిన కట్టుబడి బంట్లు, బోయలు, ఎరుకలవాళ్ళు. వాళ్ళకు గోచీకట్టు పంచె ఉండాల, భుజాన కంబళి ఉండాల.

"ఆ తేడా ఎవరికి తెలుస్తుంది మామా?" అన్నాడు మేనల్లుడు.

"ఆడేది ఈ నేల మీద పుట్టినోళ్ళేరా. మొదట మనకే తెలుస్తుంది" అన్నా.

గీత పడిన బొమ్మను క్షమిస్తా, మనిషి మారిపోయిన బొమ్మను క్షమించలేను. ఎం-సీల్ కలిపి పాగాలు మళ్ళీ చుడుతున్నా. పైజామా చెక్కి పంచె చేయడం కష్టంగానే ఉంది. తలలు విడిగా అమ్మే బొమ్మలుంటాయి, ఈసారి అవే తెమ్మన్నా. మెడ కోసే పని తప్పుతుంది.