దర్బార్ కోర్టులో నాన్నతో

ఏటా సెప్టెంబరులో లండన్‌లో ఓపెన్ హౌస్ జరుగుతుంది. 1992లో మొదలైన ఈ ఉత్సవం రోజుల్లో, మామూలప్పుడు గేటు దాటనివ్వని కట్టడాల్లోకి కూడా జనం పైసా కట్టకుండా వెళ్లి చూడొచ్చు. ఆ సమయానికి నాన్న రాజమండ్రి నుంచి మా ఇంటికి వచ్చి ఉన్నారు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కోసం రెండు కట్టడాలు ఎంచుకున్నాను.

మొదటిది లాయిడ్స్ భవనం. రిచర్డ్ రోజర్స్ రూపకల్పనలో 1986లో పూర్తయింది. లిఫ్టులు, మెట్లు, గొట్టాలు అన్నీ గోడల బయటే ఉంటాయి. నాన్న రోడ్డు మీదే నిలబడి చాలాసేపు చూశారు. "రేపు రిపేరు చేసేవాడి గురించి ఆలోచించి కట్టారమ్మా" అన్నారు మెచ్చుకోలుగా.

ఈ చోటే ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేదని చెప్పాను. "అయితే మన కాటన్ దొర ఆనకట్టకు మంజూరు ఇక్కడి నుంచే రావాలన్నమాట!" అన్నారు వెంటనే. కాటన్ గోదావరి మీద కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది; దానికి డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చింది ఇక్కడి కంపెనీ డైరెక్టర్లే. ఆ మాట తలచుకుంటూనే లోపలికి నడిచాం.

రెండోది వైట్‌హాల్‌లోని విదేశాంగ శాఖ భవనం. ఇందులో ఒక భాగం, భారతదేశ పాలన చూసిన ఒకప్పటి ఇండియా ఆఫీసు. దాని నడుమ ఉన్నదే దర్బార్ కోర్టు. మాథ్యూ డిగ్బీ వయట్ రూపొందించిన ఈ ప్రాంగణానికి 1902లో ఆ పేరు వచ్చింది. మూడు అంతస్తుల స్తంభాలు, తోరణాలు, పైన అద్దాల కప్పు. నాన్న ఎర్ర గ్రానైటు స్తంభం మీద అరచేయి ఆనించి, నునుపు చూసి, "పనివాళ్లు గొప్పవాళ్లు" అన్నారు.

పక్కనే కౌన్సిల్ గదిలో పాలరాతి నిప్పుగూడు ఉంది. పాత కంపెనీ భవనం నుంచి తెచ్చి ఇక్కడ పెట్టారు. తూర్పు దేశాల సంపదను బ్రిటన్‌కు ప్రతీకైన బ్రిటానియా అందుకుంటున్నట్టు దాని మీద శిల్పి రిస్‌బ్రాక్ చెక్కాడు. నాన్న దాని ముందు నుంచి కదల్లేదు.

అప్పుడు చెప్పాను. ఈ ఆఫీసు ఖర్చు దశాబ్దాల పాటు భారతదేశ ఖజానా మీదే పడింది. 1867లో టర్కీ సుల్తానుకు ఇక్కడిచ్చిన విందు ఖర్చు కూడా మన లెక్కలోనే రాశారు. అంతకు ముందటి ఏడే ఒరిస్సాలోనూ, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాంలోనూ కరువుకు జనం రాలిపోయారు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన రైతు కట్టిన శిస్తు ఇందులో ఉందమ్మా. అందుకే బాగా చూడాలి" అన్నారు.

ఆ మాట నాకు పూర్తిగా నిజమనిపించింది. పనివాడి నైపుణ్యాన్ని మెచ్చుకోవడానికీ, బిల్లు ఎవరు కట్టారని అడగడానికీ మధ్య విరోధం లేదు. లండన్‌లో ఉన్న తెలుగువాళ్లు అమ్మానాన్నలకు టవర్ బ్రిడ్జి చూపిస్తారు, మంచిదే. సెప్టెంబరులో వస్తే మాత్రం వాళ్లను ఇక్కడికీ తీసుకెళ్లాలి. మన పెద్దలు ఈ గదుల్లోకి అతిథుల్లా కాదు, ఖర్చు భరించిన వాళ్ల వారసులుగా నడిచి వెళ్లాలి.