నీళ్ళెక్కడివిరా?

మొన్న ఆదివారం ఇల్లు చూడ్డానికెళ్ళాం. ఊరు గిల్బర్ట్. ఆరిజోనాలో, ఫీనిక్స్ పక్కన. నా ఆఫీసు పక్కూరు చాండ్లర్‌లో, 202 ఫ్రీవే ఎక్కితే ఇరవై నిమిషాలు. ఇక్కడ అందరిదీ ఇదే వరస, పడుకునేది ఒక ఊళ్ళో, పని చేసేది ఇంకో ఊళ్ళో.

డబ్బున్న ఊరు, బాగుంటుంది. వాల్ విస్టా లేక్స్ అని ఒక కాలనీ ఉంది, చెరువులు తవ్వి వాటి చుట్టూ ఇళ్ళు కట్టారు. మేం చూసింది అందులో కాదులెండి, అంత లేదు. అయినా సరే పచ్చిక, ఫౌంటెను అన్నీ ఉన్నాయి. ఉత్సాహం ఆగక అక్కణ్ణించే నాన్నకి వీడియో కాల్ చేసి అంతా తిప్పి చూపించా. ఆయన గదులు చూళ్ళేదు, గ్రానైటు చూళ్ళేదు. ఒకటే అడిగారు.

"అంత పచ్చగా ఉంది, నీళ్ళెక్కడివిరా?"

మాది నూజివీడు దగ్గర పల్లె. చిన్న రసాలు, పెద్ద రసాలు, కాసిని బంగినపల్లి చెట్లు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కడితే నీళ్ళు పల్లానికి పారాయి, మెట్టలో ఉన్న మా తోటకి బోరే గతి. తాతయ్య తవ్వించిన బావి నాకు తెలిసి ఎప్పుడూ ఎండే ఉంది. ఇప్పుడున్నది నాలుగో బోరు, ఆరొందల అడుగులు. వాన మాత్రం ఏడాదికి 40 అంగుళాలకి అటూ ఇటూ పడుతుంది. గిల్బర్ట్‌లో పడేది మహా అయితే ఎనిమిది. కాబట్టి ఆయన ప్రశ్న న్యాయమైనదే.

నాకూ సరిగ్గా తెలీదు. ఆ రాత్రి కూచుని చదివా. మొదట సాల్ట్ నది. 1903లో ఇక్కడి రైతులు సంఘం పెట్టుకుని, తమ పొలాలే హామీగా పెట్టి సర్కారు చేత డ్యాం కట్టించుకున్నారు. రూజ్‌వెల్ట్ డ్యాం, 1911లో పూర్తయింది. తర్వాత కొలరాడో నది. 336 మైళ్ళ కాలవ తవ్వి, పంపులతో దాదాపు 2,900 అడుగులు ఎత్తిపోసి తెచ్చుకున్నారు. ఇంకా పైన, 1980లో ఒక చట్టం: ఫీనిక్స్ చుట్టుపక్కల కొత్త కాలనీ వెయ్యాలంటే నూరేళ్ళకి సరిపడా నీళ్ళున్నాయని చూపించాలి.

ఇది చెప్తే నాన్న పడీ పడీ నవ్వారు. "నూరేళ్ళా! మాకు వచ్చే మార్చి దాకా ఉంటాయని ఎవడన్నా రాసిస్తే చాలు."

ఇంకో సంగతి చెప్పకుండా ఉండాల్సింది. ఒకప్పుడు గిల్బర్ట్ అంతా పశుగ్రాసం పండించే ఊరు, రైలెక్కించి దేశమంతా పంపేవాళ్ళు. 1980లో జనం 5,717 మంది. 2020 లెక్కల్లో 2,67,918. గడ్డి పొలాలన్నీ ఇళ్ళయ్యాయి. పైగా అదే ఎకరానికి పొలం తాగినన్ని నీళ్ళు ఇళ్ళు తాగవు. 2022లో కొలరాడో నీళ్ళకి కోత పెట్టినప్పుడు ముందు దెబ్బ తగిలింది పక్కనున్న పినాల్ కౌంటీ రైతులకే. కాలనీ చెరువులు ఎండలేదు.

నాన్న కాసేపు ఏం మాట్లాళ్ళేదు. తర్వాత "అంటే అక్కడా రైతే తప్పుకున్నాడన్నమాట" అన్నారు.

ఆ తర్వాత బయటపడింది అసలు విషయం. తోట అమ్మేస్తున్నారట. రెండేళ్ళుగా తామర పురుగు పూతని మాడ్చేస్తోంది, గుత్తకి తీసుకునేవాళ్ళు సగం ధర కూడా చెప్పట్లేదు. ప్లాట్లు వేసేవాళ్ళు మాత్రం నెలకోసారి వస్తున్నారు. 2014లో రాజధాని నూజివీడు వైపే వస్తుందని పుకారు లేచినప్పుడు అడిగినంత ఇస్తామన్నా అమ్మని మనిషి ఈయన! ఐదో బోరు వెయ్యండి నాన్నా, డబ్బులు నేను పంపిస్తా అన్నా. "పాతాళానికి పంపిస్తావా?" అన్నారు.

నాకు కోపం వచ్చింది. తాతయ్య నాటిన చెట్లు ఎలా కొట్టిస్తారని గట్టిగానే అరిచా. ఎక్కడ నించుని? ఎవరిదో గడ్డి పొలంలో కట్టిన ఇంటికి ఎంత ఆఫర్ పెట్టాలా అని లెక్కలేసుకుంటున్న వంటింట్లో నించుని. మా ఆవిడ లాప్‌టాప్‌లోంచి తలెత్తి నావంక అదోలా చూసింది.

నాన్న ఎదురు అరవలేదు. "ఇల్లు కొనుక్కుంటానన్నావుగా. ముందు కట్టాల్సింది చాలా ఉంటుందని మీ అమ్మ చెప్పింది. అందులో సగమన్నా ఇది వస్తుంది కదా అని" అన్నారు.

ఏం మాట్లాడాలో తెలీలేదు. వద్దని అన్నా, కానీ వెంటనే అనలేదు. ముందు మనసులో ఈఎమ్ఐ ఎంత తగ్గుతుందో లెక్క వేసేశా. రెండు మూడు సెకన్లే అనుకోండి. ఫోన్లో ఆ రెండు మూడు సెకన్లు ఆయనకి వినపడే ఉంటాయి.

తాతయ్య ఆస్తి కాబట్టి నా సంతకం కూడా కావాలట. ఎప్పుడొస్తావని అడిగారు. ఇల్లు చూపించిన ఏజెంటు శుక్రవారం లోపు ఆఫర్ చెప్పమంది. మే నెల టిక్కెట్లు చూస్తున్నా. చిన్న రసాలు దిగేది అప్పుడే.