గోకూ కోసం వెళ్తే రాముడు దొరికాడు!

ఇబ్రహీంపట్నంలో 2005 ప్రాంతాల్లో సాయంత్రం కరెంటు పోతే కొందరు పిల్లలకు ప్రాణం పోయినట్టుండేది. పక్కనే థర్మల్ స్టేషన్ పెట్టుకుని ఈ కోతేమిటని పెద్దలు విసుక్కునేవారు. పిల్లల బాధ వేరు... టీవీలో 'డ్రాగన్ బాల్ జీ' అయిపోతోందే అని!

తప్పిపోయిన భాగం చూడాలంటే డిస్కు కొనాలి. అలాంటి పిల్లాడొకడు ఇంటర్‌కొచ్చాక ఆదివారమొస్తే బస్సెక్కి బెజవాడ వెళ్లేవాడు. బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట... ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న. "యానిమే ఉందా అన్నా?"

"ఏ హీరోది తమ్ముడూ?"

జపాన్ బొమ్మల సినిమా అని విడమరిచి చెబితే 'టామ్ అండ్ జెర్రీ' చేతిలో పెట్టేవారు.

పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు! మోజర్ బేర్ 34 రూపాయలకే డీవీడీ ఇస్తున్న రోజుల్లో కూడా ఇతగాడికి కావలసిన గోకూ ఏ అరలోనూ కనిపించలేదు. జపాన్ నుంచి తెప్పించుకుందామంటే డిస్కుకి రెండు మూడు భాగాలే, ధర వేల యెన్లు. పైగా అక్కడి డీవీడీలు రీజియన్ 2, మనవి రీజియన్ 5. తాళం విప్పని ప్లేయర్లో అసలు డిస్కు ఆడదు, దొంగ డిస్కు మాత్రం దర్జాగా ఆడుతుంది. డబ్బిచ్చి కొన్నవాడికే తాళమట, ఇదెక్కడి న్యాయమో!

ఓ ఆదివారం ఫుట్‌పాత్ మీది కుప్పలో వేరే డిస్కు దొరికింది. పైన రాముడు. కళ్లు మాత్రం జపాన్ వాళ్లు గీసే పెద్ద పెద్ద కళ్లు! 1983లో డాక్యుమెంటరీ కోసం మన దేశానికొచ్చిన యుగో సాకో రామాయణం మీద మనసు పారేసుకుని, మన రామ్‌మోహన్, తమ దేశపు కోయిచి ససాకిలతో కలిసి 1992లో పూర్తిచేసిన సినిమా అది.

'ఎదిగిన మగాడికి బొమ్మల పిచ్చేమిట్రా' అని రోజూ తిట్టే నాయనమ్మ, ఆ రోజు మాత్రం వత్తులు చేసుకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చుంది. ఆవిడకు హిందీ ముక్క రాదు. అయితేనేం, రాముడి గొంతు వినగానే "మన టీవీ రాముడే కదరా" అంది. నిజమే, అది అరుణ్ గోవిల్ గొంతే. కుంభకర్ణుడి దగ్గరకొచ్చేసరికి కథ చెప్పడం ఆవిడ వంతయింది. యానిమే అంటే ఏమిటో ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయిన కుర్రాడు నోరు మూసుకుని విన్నాడు. ఆ నెలలో ఆ డిస్కు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. చివరికి గీతలు పడి, లంక దగ్గర ఆగిపోయేది. "మళ్లీ తేరా" అనేది ముసలావిడ. ఎంత వెతికినా మళ్లీ దొరకలేదు.

ఆ సినిమా తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది 2025 జనవరి 24న. అప్పటికి నాయనమ్మ లేదు. అతను కూతుర్ని తీసుకెళ్లి చూపించాడు. గీతలు పడ్డ డిస్కు ఇంకా బీరువాలోనే ఉంది. ఆడించడానికి ఇంట్లో ప్లేయరే లేదు.