గుడియాత్తంలో లారీ గుద్దిన ఆటో

లోడుతో పోతున్న లారీ ఆగి ఉన్న ఆటోను గుద్దింది. లారీ ఆటో మీద చూపిన బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపింది ఎక్కువా? తమిళనాడులోని గుడియాత్తంలో ఒక డిగ్రీ కాలేజీ. ఫిజిక్స్ మేడమ్ బోర్డు మీద ప్రశ్న రాసి, కింద నాలుగు జవాబులు వేసి పక్కకు జరిగారు. పిల్లలంతా తలా ఒక చదరపు అట్టముక్క పైకెత్తారు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ. ఏ అంచు పైకి పెడితే అదే జవాబు. మేడమ్ తన ఫోన్ కెమెరాను ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పారు. ఎవరేం చెప్పారో పేర్లతో సహా ఫోన్‌లో పడింది. ప్లికర్స్ అనే యాప్ అది. గదికి ఒక్క ఫోన్ చాలు, అదీ టీచర్‌ది. కాగితం నలిగిపోతోందని అగ్గిపెట్టెల కంపెనీలో మిగిలిన అట్ట అడిగి తెచ్చి అంటించారట. మగ్గాలకూ అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊళ్లో అట్టకు కరువేముంది!

సగానికి పైగా లారీకే ఓటేశారు. మేడమ్ తప్పనలేదు, ఒప్పనలేదు. "పక్కవాళ్లతో మాట్లాడుకోండి" అన్నారు. గదిలో గోల మొదలైంది. వెనక బెంచీలో ఇద్దరు ఇంటి తెలుగులోకి దిగారు.

"ఆటో నుజ్జయిపోతాది కదరా, బలం లారీదే."

"అది తేలిక గాబట్టి నుజ్జయితాది. దెబ్బ వేరే, బలం వేరే రా."

ముందు వరసలో ఇదే గొడవ తమిళంలో, కిటికీ పక్కన ఉర్దూలో. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. రెండోసారి ఎత్తినప్పుడు చాలా అట్టలు అంచు మార్చాయి. రెండు బలాలూ సమానమేనని, న్యూటన్ మూడో నియమం ఇదేనని మేడమ్ అప్పుడు చెప్పారు.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1991 నుంచి పాఠం చెప్పింది ఈ పద్ధతిలోనే. 1998లో రిచర్డ్ హేక్ 6,000 మందికి పైగా ఫిజిక్స్ విద్యార్థుల ఫలితాలు పోల్చి, ఉపన్యాసం విని ఊరుకున్న క్లాసుల కంటే ఇలా వాదించుకున్న క్లాసులు బాగా ముందున్నాయని చూపించారు.

గుడియాత్తం రాకముందు వెల్లూరులో వీఐటీ చూసి వచ్చాను. 1984లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2001లో డీమ్డ్ హోదా పొందిన ఆ సంస్థలో విద్యార్థి సబ్జెక్టునూ, టైమునూ, టీచర్‌నూ కూడా ఆన్‌లైన్లో ఎంచుకుంటాడు. వసతి ఉన్నచోట ఇవి సాగుతాయి. నాకు చూడాలనిపించింది లేనిచోట.

ఈ కాలేజీలోనూ స్మార్ట్ క్లాస్‌రూమ్ ఉంది, తాళం వేసి. బోర్డు పాడయింది, బాగుచేసే మనిషి చెన్నై నుంచి రావాలి.

ఒక ప్రశ్న తయారు చేయడానికి ఎంతసేపు పడుతుందని మేడమ్‌ను అడిగాను. "మంచిది కుదరాలంటే ఒక సాయంత్రం పోతుంది సార్" అన్నారు. తప్పు జవాబు కూడా నిజమేననిపించేలా ఉండాలి కదా. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. ఈ సాయంత్రాలు ఆ పదహారులోకి రావు. ఆన్‌లైన్ పాఠాలకైతే ఇప్పుడు కొదవ లేదు: ఎన్‌పీటెల్ 2003లోనే మొదలైంది, స్వయం 2017లో వచ్చింది. 2021 నుంచి సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చదివి క్రెడిట్లు తెచ్చుకునే వీలుంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టి పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లే ఇచ్చారు. వస్తువు కొనడానికి టెండరు పిలిస్తే సరిపోతుంది. చూసిన పాఠం మీద పిల్లలతో కూర్చుని వాదించే మనిషి టైముకు ఏ పద్దూ ఉండదు.

పరీక్షల మాటెత్తితే ఆమె నవ్వారు. ప్రశ్నపత్రం కాలేజీలో తయారవదు, యూనివర్సిటీ నుంచి వస్తుంది. "మూడో నియమం రాసి వివరించండి అనే వస్తుంది సార్. అందుకని సెమిస్టర్ చివర్లో అట్టలు బీరువాలో పెట్టేసి నోట్సు చెబుతాను."

యూనివర్సిటీని ఏమైనా అడగమంటే ఏం అడుగుతారన్నాను.

"వారానికి రెండు గంటలు తగ్గించమంటాను. పేపర్లో పది మార్కులకైనా లారీ, ఆటో లాంటి ప్రశ్న ఇమ్మంటాను. బోర్డు తర్వాత చూసుకోవచ్చు."