తాబేటికి పొలిమేర లేదు

సముద్రజీవుల రక్షణకై దేశములు చేసికొను ఒడంబడికలు మనకు సంబంధింపని దూరపు మాటలని కొందఱు తలంతురు. నేనట్లు తలంపను. మా గూడూరునుండి కోట, వాకాడు మీదుగా తూర్పునకు పోయినచో తూపిలిపాళెపు సముద్రతీరము వచ్చును. శీతకాలము కడపట ఈ ప్రాంతపు టిసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. ఆ దినములలోనే చచ్చి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన తాబేళ్లను నేను చూచితిని. ఒంటిపై గాయమైనను లేదు. కారణ మడుగగా నొక వృద్ధుడు, "వలలో చిక్కి యూపిరాడక చచ్చినది, నాయనా" యనెను. తాబేలు నీట నివసించినను, ఊపిరికై మాటిమాటికి పైకి రావలెను. ట్రాలరు వల గంటలకొలది నీటిలో నీడ్వబడుచుండ, అందు చిక్కిన దానికి గతి యేది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జీవిని మన దేశమున కాపాడుచున్నది. కాని తాబేటికి పొలిమేర తెలియదు. ఒడిశాలో గుర్తుబిళ్లలు తగిలించి విడిచిన తాబేళ్లు శ్రీలంక నీటిలో కనబడినవి. కావున నొక్క దేశము పూనుకొన్న చాలదు.

దేశము లిందులకు పలు త్రోవలు త్రొక్కినవి. మొదటిది నిర్బంధము. తాబేళ్లకు హానిచేయు వలలతో పట్టిన రొయ్యలను కొనరాదని అమెరికా 1989లో చట్టము చేసెను. వలలో నినుపకమ్మీల చట్రము నమర్చినచో రొయ్యలు సందులగుండ లోనికి పోవును. తాబేలు కమ్మీలకు తగిలి వేఱొక ద్వారమున బయటపడును. అట్టి వలలే వాడవలెనని వారు పట్టుపట్టిరి. అయితే తమ పొరుగుదేశములకు మూడేండ్ల గడువిచ్చి, 1996లో తక్కిన దేశములకు నాలుగు నెలలే యిచ్చిరి. ఇండియా, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినవి. తాబేటిని కాపాడుట ధర్మమే గాని, కొందఱితో సంప్రదించి కొందఱిపై నాజ్ఞ విధించుట ధర్మము కాదని 1998లో తీర్పు వచ్చెను. ఈ తీర్పు నాకు మిక్కిలి నచ్చినది.

రెండవది సమ్మతి. 2001లో హిందూమహాసముద్ర, ఆగ్నేయాసియా దేశములు తాబేళ్లకై యొక యవగాహనపత్రము వ్రాసికొనెను. 2007లో మన దేశము చేరెను. ఇందు నిర్బంధము లేదు. తెలిసినది చెప్పుకొనుట, కలిసి యోచించుటయే దీని బలము. ఏ దేశమునకును చెందని నడిసముద్రమునకై 2023లో ఐక్యరాజ్యసమితి యందు కుదిరిన ఒడంబడిక 2026 జనవరి 17న అమలులోనికి వచ్చెను.

మూడవది మన కన్నులయెదుటనే యున్నది. తూర్పుతీర రాష్ట్రములన్నిట మరపడవల వేట ఒకే దినమున నాగును. 2015లో ఈ కట్టడి 61 దినములకు పెంచబడినది. ఏప్రిలు 15న మొదలై జూను 14తో ముగియును. మన పడవలు ఒడ్డున నుండగా పొరుగువారు చేపలు పట్టుకొనిపోయిన నెవరోర్తురు? దినము లొక్కటియైనందున నట్టి తగవునకు తావు లేదు. వేట లేని నెలలలో పొయ్యి వెలుగుటకై 2025లో మన రాష్ట్ర ప్రభుత్వము మత్స్యకార కుటుంబమునకు 20,000 రూపాయల చొప్పున నిచ్చెను.

అయితే ఈ కట్టడి చేపల సంతానమునకై యేర్పడినది. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు దినములు చాలవఱకు దానికి ముందే గడచును. కావున వలలోని చట్రము విషయమునను ఇట్టి యైకమత్యమే కావలెను: ఒక రేవున పెట్టి మఱియొక రేవున తీసివేసిన ఫలము లేదు, దాని ఖర్చును పేద జాలరి యొక్కనిపైనే మోపుటయు తగదు. సోదర విద్యార్థులారా! నిషేధ దినములలో అంగడిలో చేప ప్రియమైనదని మన యిండ్లలో విసుగుకొందురు. అది కడలి తిరిగి నిండుటకై మనవంతు చెల్లించు పన్నని వారికి తెలియజెప్పుట మన విధి.