రోహిణి కార్తెలో ప్రాసెసర్

గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డల్లోని ఫొటో స్టూడియోలకు వైశాఖం, జ్యేష్ఠం ఊపిరాడని నెలలు. ఆషాఢం రాకముందే పెళ్లిళ్లు అయిపోవాలి, వాటి వెనకే వీడియోలూ ఆల్బమ్‌లూ చేతికందాలి. ఎడిటింగ్ కంప్యూటర్ గంటల తరబడి రెండర్ చేస్తూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే రోహిణి కార్తె వచ్చి పడుతుంది. సంక్రాంతి సెలవుల్లో ఓవర్‌క్లాక్ చేసి, బ్రహ్మాండంగా నడుస్తోందని మురిసిపోయిన సిస్టమ్‌కు అసలు పరీక్ష రోళ్లు పగిలే ఆ ఎండల్లోనే.

ఓవర్‌క్లాక్ అంటే కంపెనీ హామీ ఇచ్చిన వేగాన్ని దాటించడం, అందుకు చాలాసార్లు వోల్టేజీ కూడా పెంచాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. రెండూ పది శాతం చొప్పున పెంచితే ఖర్చయ్యే కరెంటు దాదాపు 33 శాతం ఎక్కువవుతుంది. అదంతా వేడిగా మారి బయటికి రావాల్సిందే. మామూలు ఫ్యాన్ కూలర్ ఎంత ఖరీదైనదైనా గదిలో గాలి కంటే చల్లగా ఉంచలేదు. జనవరిలో 24 డిగ్రీల గదిలో 82 దగ్గర ఆగిన ప్రాసెసర్, మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే పనికి 96 దాకా ఎక్కుతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు చాలావాటికి పరిమితి 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరసలో ఎక్కువ వాటికి 95. ఆ గీత తాకగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పడ్డ శ్రమంతా వృథా.

ఓవర్‌క్లాక్ నిలకడ తప్పినప్పుడు సిస్టమ్ ఆగిపోయి నీలి తెర కనపడితే ఒక రకంగా మేలే, తప్పు జరిగిందని తెలుస్తుంది. ఆగకుండా, లెక్క తప్పు చేసి, ఆ తప్పును ఫైల్‌లో రాసేస్తేనే ప్రమాదం. తలంబ్రాల సన్నివేశం మళ్లీ తీయడానికి వీల్లేదు కదా.

ఈ మౌనంగా జరిగే తప్పును పట్టే పరికరం గణిత శాస్త్రం నుంచి వచ్చింది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అమెరికాలో ఒక పథకం మొదలుపెట్టారు. ప్రపంచమంతటా ఉన్న ఇళ్లలోని కంప్యూటర్లతో అతి పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికించడం దాని పని. ఒక్కో లెక్క రోజులు, వారాలు నడుస్తుంది, మధ్యలో ఒక్క బిట్ తప్పినా ఫలితం చెత్తబుట్టకే. అందుకే ఆయన రాసిన ప్రైమ్95లో టార్చర్ టెస్ట్ ఉంటుంది. జవాబు ముందే తెలిసిన లెక్కలను ప్రాసెసర్‌తో చేయించి సరిచూస్తుంది. 2016లో ఇంటెల్ స్కైలేక్ చిప్‌లలోని ఒక లోపం బయటపడింది కూడా ఈ ప్రోగ్రాం నడిపేవాళ్ల వల్లే. ఆ చిప్‌లను ఎవరూ ఓవర్‌క్లాక్ చేయనక్కర్లేదు, మామూలు వేగంలోనే బిగుసుకుపోయేవి.

పరీక్ష నడిచేటప్పుడు ప్రతి కోర్‌కూ ఒక వర్కర్ పని చేస్తుంటుంది. రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి అనే అర్థంతో ఒక వాక్యం కనపడి ఒక్క వర్కర్ ఆగిపోయిందంటే, మిగతావన్నీ నడుస్తున్నా ఆ ఓవర్‌క్లాక్ పనికిరానట్టే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ లోపాల గురించి డబ్ల్యూహెచ్‌ఈఏ పేరుతో పడే ఎంట్రీలనూ చూడాలి. సరిదిద్దిన లోపమని అందులో రాసి ఉన్నా వదిలేయకూడదు. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో విడిగా పరీక్షించాలి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకే, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. రాత్రంతా పరీక్ష పెట్టి పడుకోవడం చాలామందికి అలవాటు. కృష్ణా డెల్టాలో అది చాలదు. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపి, స్టూడియో నిజంగా చేసే ఎడిటింగ్ పని పెట్టి కూడా చూడాలి.

ఇన్ని గట్టెక్కినా, ఈ రోజు సరిగ్గా నడవడం వేరు, చిప్ నాలుగేళ్లు మన్నడం వేరు. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గేముల మధ్యలో కూలిపోసాగాయి. అవసరానికి మించిన వోల్టేజీ లోపలి సర్క్యూట్‌ను మెల్లగా దెబ్బతీస్తోందని తేలింది. ఆగస్టులో కొత్త మైక్రోకోడ్ వచ్చింది, వారంటీ మరో రెండేళ్లు పెరిగింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. కంపెనీ పెట్టిన వోల్టేజీకే ఇంత జరిగితే, చేత్తో పెంచే వోల్టేజీ విషయంలో ఎంత జాగ్రత్త కావాలి?

వేడి ఒక్కటే కాదు, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పు గాలి కూడా ఉంది. చెమ్మ పట్టిన దుమ్ము కూలర్ రెక్కల మధ్య అట్టకట్టి గాలిని ఆపేస్తుంది, పోర్టులూ స్లాట్లూ నల్లబడతాయి. సైన్యం కొనే ఎలక్ట్రానిక్ పరికరాల కోసం మన దేశంలో జేఎస్ఎస్ 55555 అనే ప్రమాణం ఉంది. అందులో వేడికి, చెమ్మకు, ఉప్పు గాలికి విడివిడిగా పరీక్షలున్నాయి. సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలను తయారుచేసే భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉన్నది మచిలీపట్నంలోనే. 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో తనలో కలుపుకొని అది అక్కడ నిలబడింది. పరికరం ఏ వాతావరణంలో పనిచేయాలో ఆ వాతావరణంలోనే పరీక్షించాలన్న పద్ధతి ఆ ఊరికి కొత్త కాదు.

కాబట్టి మే నెల పరీక్షలో ఒక్క తప్పు కనపడినా వోల్టేజీ జోలికి పోకుండా వేగమే తగ్గించాలి. 5 గిగాహెర్ట్జ్ నుంచి 4.8కి దించితే, గంటలో అయ్యే రెండర్‌కు మహా అయితే రెండున్నర నిమిషాలు ఎక్కువ పడుతుంది.